అక్షింతల పళ్ళెం దగ్గర పదకొండు నిమిషాలు

మా అవ్వ రామాంజినమ్మ, చెంబులో వేలు ముంచి చూడందే పాలు పోయించుకోదు. బస్సు మీద ధర్మవరం అని రాసి ఉన్నా డ్రైవరును ఒకసారి, కండక్టరును ఒకసారి, కిటికీ పక్కన కూర్చున్న మనిషిని ఒకసారి అడుగుతుంది. ముగ్గురూ ఒకటే మాట చెప్పినారనుకోండి, "ముగ్గురూ ఒకటే చెప్తాండారంటే ఏదో ఉండాది" అని ఇంకో మనిషిని వెతుక్కుంటుంది. జ్వరం వచ్చినప్పుడు డాక్టరు నోట్లో పెట్టిన గాజుపుల్లను, అంకెలు రాకపోయినా, ఆయన చేతిలోనుంచి లాక్కొని తాను కూడా తిప్పి చూసింది.

ఆమె పనే అట్లాంటిది. మగ్గం మీద పాత వార్పు అయిపోవచ్చినప్పుడు కొత్త వార్పును దానికి అతకాలి. వార్పంటే చీరకు నిలువునా పోయే పట్టు పోగులు, నాలుగైదు వేలు ఉంటాయి. పాత పోగు కొస, కొత్త పోగు కొస పక్కపక్కన పెట్టి, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలిపెట్టాలి. అట్లా ఒక్కొక్కటే, నాలుగైదు వేలు. ఒక్క పోగు పక్కదానితో కలిసినా చీర పొడుగునా గీత కనిపిస్తుంది. నలభై ఏండ్లు ప్రతి పోగునూ అనుమానంగా చూసిన మనిషి పాలామెను మాత్రం ఎట్లా నమ్ముతుంది?

ఈ పని అవ్వకు నేర్పింది ఆమె అక్క చెన్నమ్మ. నాకు పెద్దవ్వ. పెండ్లికి ముందు ఇద్దరూ ఒకే వార్పుకు చెరో అంచున కూర్చొని అతుక్కుంటూ వచ్చి, నడిమధ్యలో వేళ్ళు తగిలినప్పుడు లేచేవాళ్ళంట. పెద్దవ్వను గుమ్మఘట్ట దగ్గరి పల్లెకు ఇచ్చినారు. ఆడ మగ్గాలు లేవు, శెనక్కాయ చేన్లు ఉన్నాయి. అయినా ధర్మవరం వచ్చినప్పుడల్లా అవ్వ అతికిన వార్పు మీద కన్ను వేసి, "ఇదొగటి వదులుగా ఉండాది" అని ఏరేది. అవ్వ ఒప్పుకునేది కాదు. ఆమె పోయినాక చూసి సరిచేసేది.

ఇట్లాంటి అక్కచెల్లెళ్ళు మూడేండ్లు మాట్లాడుకోలేదు. ఒక పెండ్లి క్యాసెట్ వల్ల.

2001లో మా ఈశ్వరి చిన్నమ్మ పెండ్లి ధర్మవరంలోనే జరిగింది. పెద్దవ్వ కనిపించలేదు. నెల తర్వాత ఆమె కొడుకు తిప్పేష్ మామ వచ్చి చెప్పిన మాట ఇది. "మాయమ్మ వచ్చింది పిన్నమ్మా. అక్షింతలు ఏసి నీకోసం చేయి ఎత్తింటే, నువ్వు చూసి మొగం తిప్పుకొని పోయినావంట. అన్నం తినకుండా మళ్ళీ బస్సెక్కింది."

అప్పటికి అవ్వ ఆ క్యాసెట్ మూడుసార్లు చూసింది. ఎవరు వచ్చినారు, ఎవరు రాలేదు, ఎవరు పాత చీర కట్టుకొని వచ్చినారు అన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"మూడు గంటల క్యాసెట్ ఉండాది నాయనా. కుక్క వచ్చిందిగూడా పడింది. మీయమ్మ నీడ లేదు. వచ్చింటే యాడికి పోతాది? మీయమ్మ అబద్దాలకోరు అని నేనన్న్యానని చెప్పు."

తిప్పేష్ మామ మంచి మనిషి, అందుకే మాట పొల్లుపోకుండా మోసినాడు. ఆ తర్వాత గుమ్మఘట్ట నుంచి ఫోను లేదు, చింతపండు సంచి లేదు. అవ్వ వార్పు అతికేటప్పుడు నడిమధ్యకు వచ్చి ఒక్కోసారి ఆగేది. ఎందుకు ఆగినావని అడిగితే నడుము నొప్పి అనేది. నడుము నొప్పి సరిగ్గా నడిమధ్యకే ఎందుకు వస్తుందని నేను అడగలేదు. ఆమె చేతికి అందేంత దగ్గర కూర్చొని ఉండేదాన్ని.

2004లో బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరు మూసేస్తుంటే అందులోని కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చినాను. పదో తరగతి రెండుసార్లు తప్పి, ఆరు నెలల కంప్యూటర్ కోర్సులో చేరి నాలుగో నెలలో మానేసిన చదువు నాది. అయితే ఆ డబ్బాలో టీవీ కార్డు ఉంది. పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు తగిలించి వీసీఆర్ లో క్యాసెట్ తిప్పితే బొమ్మ కంప్యూటర్లోకి దిగుతుందని నేర్చుకున్నాను. అందరిళ్ళల్లో క్యాసెట్లకు బూజు పడుతోంది, వాటిని సీడీలు చేసి ఇద్దామని నా ఆలోచన.

అవ్వ కంప్యూటర్ చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"దీనికి కన్ను యాడుండాది?"

"కన్ను లేదవ్వా. ఇది చూపిస్తాది గానీ చూడదు."

ఆమె మౌసును వెల్లకిలా తిప్పింది. కింద ఎర్రగా లైటు వెలుగుతోంది.

"లేదన్యావే. ఇదేమి?"

అది టేబుల్ ను చూసే కన్ను అని చెప్పినాను. టేబుల్ ను ఎందుకు చూడాల అని అడిగింది. నాలుగు నెలల కోర్సులో ఆ పాఠం రాలేదు. ఆ రోజు నుంచి మౌసు మీద ఒక గుడ్డ, టీవీ డబ్బా మీద ఒక గుడ్డ కప్పి పెట్టేది. ఎవరన్నా చీర మార్చుకోవాలంటే కంప్యూటర్ ను గోడ వైపు తిప్పేది.

నేను మొదట చేతులు కాల్చుకున్నది ఈశ్వరి చిన్నమ్మ కొడుకు పుట్టినరోజు క్యాసెట్ మీద. గంట క్యాసెట్ దిగడానికి గంట పడుతుందని నాకు తెలియదు. పక్కన కూర్చొని కాపలా కాసినాను. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచి. దిగినాక కింద ఒక పొడుగాటి పట్టీ మీద ముక్కలన్నీ వరసగా పేర్చాలి. ఎక్కడ కొయ్యాలో అక్కడ గీత నిలబెట్టి కొయ్యాలి, వద్దనుకున్నది తీసెయ్యాలి, మిగిలిన కొసలు దగ్గరకు జరపాలి. రెండు ముక్కల నడుమ గుండె ఆకారం తెరుచుకునే బొమ్మ ఒకటి ఉంటే, దాన్ని అన్నిచోట్లా పెట్టినాను. పిల్లోడు ఏడ్చేముందు ఒక గుండె, ముక్కు తుడిచేముందు ఒక గుండె.

అవ్వ చూసి, "వీడు కొవ్వొత్తి అంటించకముందే ఎట్లా ఊదినాడు?" అంది.

ముక్కలు ముందువెనక పడినాయి. నేను చూసుకోలేదు. చూసిన ఐదుగురిలో ఆమె తప్ప ఎవరూ పట్టుకోలేదు.

"ముందుది వెనక్కి పెట్టొచ్చునా దీంట్లో?"

"పెట్టొచ్చవ్వా. తీసెయ్యొచ్చు గూడా. చూడు, ఈడ కోస్తా. ఈ ముక్క తీసేస్తా. ఈ కొస, ఆ కొస అతికిస్తా. అయిపాయె."

అవ్వ తెర దగ్గరికి వంగింది. పట్టీ మీద వేలు పెట్టి అటూ ఇటూ పోనిచ్చింది. ఆమె వేలి బూడిద తెర మీద గీత పడింది.

"మన పెండ్లి క్యాసెట్ గూడా ఇట్లే కోసింటారా?"

"అందరిదీ కోస్తారు. రెండు రోజుల పెండ్లి మూడు గంటల్లో ఎట్లా పడతాది?"

ఆ పూట అవ్వ అన్నంలో ఉప్పు ఎక్కువైందని గూడా అనలేదు. అప్పుడే నాకు భయమేసింది. క్యాసెట్ మాట నమ్మి ఆమె అక్కను అబద్దాలకోరు అనింది. ఇప్పుడు ఆ క్యాసెట్టే అబద్ధమైతే, ఆ పేరు ఎవరికి తిరిగి వస్తుందో ఆమెకు తెలుసు.

మరుసటి రోజు పొద్దున పనికి పోకుండా వచ్చి కూర్చుంది. "పెండ్లి క్యాసెట్ పెట్టు."

పెట్టినాను. గౌరీపూజ దగ్గరనుంచి మొదలైంది. "ఈడ అతుకుండాది" అంటుంది. ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కో బొమ్మా కదిలించి చూస్తే నిజంగానే ఉంటుంది. నాకు బొమ్మ బొమ్మగానే కనిపిస్తుంది. ఆమెకు చెంబులో నీళ్ళు ఒక వేలెడు తగ్గడం, ఈశ్వరి చిన్నమ్మ జడలో కనకాంబరం మాల ఈ భుజం నుంచి ఆ భుజానికి మారడం కనిపిస్తాయి. మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిది అతుకులు పట్టింది. అన్నిటికీ, "పనిమంతుడు కాదు" అని తీర్పు.

తలంబ్రాల తర్వాత ఒకచోట ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపు. ఆ పళ్ళెం చూడు."

పెండ్లికొడుకు పక్కన పీట మీద అక్షింతల పళ్ళెం ఉంది. గోపురం మాదిరి పసుపు బియ్యం.

"ఇప్పుడు ముందుకు తిప్పు."

రెప్పపాటులో అదే పళ్ళెంలో అడుగు కనిపించింది. నాలుగు గింజలు అంచుకు అంటుకొని ఉన్నాయి.

"అంత బియ్యం యాడికి పాయె?" అంది అవ్వ. "అంతమంది వచ్చి ఏసింటేనే కదా అయిపోయేది. ఒక్కరు గూడా కనపడరే?"

పళ్ళెం నిండుగా ఉండడానికీ, అడుగంటడానికీ మధ్య వచ్చిన వాళ్ళంతా ఏమైనారు? మూడేండ్లలో మూడు వీధుల జనం చూసిన క్యాసెట్ లో ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు.

ఆ సాయంత్రమే వీడియో తీసిన ఆదెప్ప స్టూడియోకు పోయినాం. అవ్వ కూర్చోలేదు.

"ఆదెప్పా, మాయక్కకూ నీకూ ఏమన్నా తగాదా ఉండాదా?"

"మీయక్క ఎవురో నాకేం తెలుసమ్మా?"

"తెలియకుండానే కోసినావా మరి?"

ఆయనకు అర్థమయ్యేటట్లు నేను చెప్పినాను. కాసేపు బుర్ర గోక్కొని, "ఓహో, కరెంటు పోయిన పెండ్లా" అన్నాడు. "కిటికీలన్నీ డెకరేషన్ బట్టలతో మూసిరి. కరెంటు పాయె. జనరేటర్ వాడు టీ తాగను పోయినాడు. పంతులు ఆపితే కదా, మీరు కానిచ్చేయండి అనె. పదకొండు నిమిషాలు నల్లగా వచ్చె. నల్లటిది పెడితే, మా దుడ్లు తిని చీకటి చూపించినావని నువ్వే తిట్టేదానివి."

"తిట్టేదాన్నే. కోసిన ముక్క యాడుండాది?"

ఆయన ఆ పెండ్లి ఏడాదే పెద్ద క్యాసెట్ల కెమెరా మానుకొని చిన్న క్యాసెట్లది కొన్నాడు. అందుకే ఆ పాత క్యాసెట్లు చెరిపి మళ్ళీ వాడుకోకుండా బియ్యం సంచిలో వేసి అటక మీద పెట్టినాడు. సంచి దించితే అవ్వ ఒక్కో క్యాసెట్ మీద పేరు నాతో చదివించింది. ఆదెప్ప చదివితే నమ్మలేదు.

ఇంటికి వచ్చి ఆ క్యాసెట్ దించినాను. పదకొండు నిమిషాల చీకటి. నాదస్వరం, పిల్లోళ్ళ ఏడుపు, "జనరేటర్ వాడు యాడ చచ్చినాడప్పా" అని ఎవరో అరవడం. పీటల దగ్గరి దీపం వెలుగులో చేతులు వస్తున్నాయి, గింజలు పడుతున్నాయి, చేతులు పోతున్నాయి. మొహాలు లేవు.

అప్పుడు నా ప్రోగ్రాంలో ఎలుతురు పెంచే మీట గుర్తుకు వచ్చింది. ఒకసారి వేస్తే నలుపు బూడిద రంగైంది. ఇంకోసారి వేస్తే మొహాలు తేలినాయి. మూడోసారికి, ఇసక చల్లినట్లు ఉన్నా, పట్టపగలు మాదిరి అయింది.

ఏడో నిమిషంలో చంకలో గుడ్డసంచితో పెద్దవ్వ వచ్చింది. అక్షింతలు వేసింది. పక్కకు జరిగి, దీపానికి వీపు పెట్టి నిలబడింది. అటునుంచి అవ్వ కొబ్బరిచిప్పల పళ్ళెం పట్టుకొని వస్తోంది. పెద్దవ్వ చేయి ఎత్తింది. అవ్వ మూరెడు దూరంలో, తల ఇటు తిప్పి, మళ్ళీ అటు తిప్పుకొని వెళ్ళిపోయింది. పెద్దవ్వ చేయి కొంతసేపు అట్లే గాలిలో ఉండి, తర్వాత సంచి సర్దుకుంది.

అవ్వ ఏడుసార్లు చూసింది.

"వచ్చింది" అంది. అంతే.

ఆ ముక్కను పెండ్లి సీడీలో దాని చోటులో పెట్టాలని రెండు రోజులు నా పక్కనే కూర్చుంది. "ఇంకొంచెం ఇటు. ఊహూ, ఆమె చెయ్యి పైకి లేస్తాండాది, ఆ లోపలే కొయ్యి." గుండె బొమ్మ పెడతానంటే చేతి మీద కొట్టింది. చివరకు అతుకు నాకైతే కనబడలేదు. ఆమెకు కనబడింది గానీ, "పోనీలే" అంది. ఆ మాట ఆమె నోటినుంచి నేను అదే మొదటిసారి వినడం.

తిప్పేష్ మామకు సీడీ పంపినాం. వాళ్ళింట్లో సీడీ ప్లేయర్ ఉంది. మూడోరోజు ఫోను మోగింది. ఎత్తినాను. మామ కాదు, పెద్దవ్వే.

"మీయవ్వకు ఇయ్యి." అవ్వ చెవికి పెట్టుకుంది. పెద్దవ్వ గొంతు నాకు గూడా వినిపించేంత గట్టిది.

"ఏనే రామాంజీ, నువ్వే సీడీ పంపి నువ్వే దొరికినావు కదే. ఎంత ఎలుతురుండాది ఆడ? సూది పడినా ఏరుకోవచ్చు. ఆ ఎలుతురులో నా మొగం చూసి తిప్పుకొని పోతాండావు. మూడేండ్లు నేను చెప్పింది అదే కదా?"

"అక్కా, కరెంటు లేదు ఆడ. చీకటి."

"చీకటి యాడుండాది? దీపం ముందర నీ మొగం బాగా కనపడె. నాకు కండ్లు లేవా?"

పెద్దవ్వ ఫోను పెట్టేసింది. అవ్వ నన్ను చూసింది. ఏం చేసినానో అప్పటికి నాకు తెలిసింది. పెద్దవ్వ కనిపించాలని ఎలుతురు పెంచినాను. అవ్వను కాపాడే చీకటిని నేనే తుడిచేసినాను.

ఆ రోజే ఎలుతురు పెంచని ముక్కతో ఇంకో సీడీ చేసి పంపినాను. ఈసారి ఫోను రెండోరోజే వచ్చింది.

"మొన్న ఎలుతురు. నిన్న చీకటి. రేపు వాన కురిపిస్తారా మీ కంప్యూటర్లో?" అంది పెద్దవ్వ. "తలంబ్రాలు అయిపోయినాక అతుకుండాది. ఈశ్వరి ముంగురు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు ఎగిరింది. నాకు తెలియదనుకున్న్యావా? తర్వాత ఆ చీకటి మీరు అతికించిందే."

అవ్వ ఫోను పెట్టి చాలాసేపు దాని మీదనుంచి చెయ్యి తీయలేదు. తిడుతుందనుకున్నాను.

"అతుకు పట్టిందే" అంది మెల్లగా. "టీవీలో. ఒక్కసారికే."

ఇక ఏ సీడీ చేసినా లాభం లేదని నాకూ తెలిసింది. ఎలుతురు చేస్తే చూసినావంటుంది, చీకటి చూపిస్తే అతికించినావంటుంది. నాలుగు వారాలు నేను నేర్చుకున్నదంతా, నిజం పట్టుకోవడానికి పనికొచ్చింది గానీ, ఇంకొకరికి ఇవ్వడానికి పనికిరాలేదు.

శుక్రవారం పొద్దున అవ్వ మంచి చీర కట్టుకుంది. నన్ను రమ్మంది. అనంతపురంలో బస్సు మారినాం, కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం పోయినాం, ఆడినుంచి ఆటో. ప్రతిచోటా ముగ్గురిని అడిగింది. కళ్యాణదుర్గంలో అడిగింది మాత్రం వేరే. "మ్మే, ఆమె తలుపు తియ్యకపోతే?" నలుగురిని అడగాల్సిన ప్రశ్న నన్నొక్కదాన్నే అడిగింది.

తలుపు తెరిచే ఉంది. పెద్దవ్వ నడవలో శెనక్కాయలు ఒలుస్తోంది. చూసింది. లేవలేదు.

"సీడీ తెచ్చినావా?"

"లేదు."

"మరి ఈ పిల్ల చేతిలో ఏముండాది?"

"అరటిపండ్లు పెద్దవ్వా" అని సంచి తెరిచి చూపించినాను. ఒక పండు తీసి వాసన చూసింది.

అవ్వ నేరుగా లోపలి గదిలోకి పోయింది. కిటికీ మూసింది. వెనక తలుపు మూసింది. దండెం మీది దుప్పటి తీసి కిటికీ సందులకు అడ్డం కట్టింది. పెద్దవ్వ లేచి వచ్చి గడప దగ్గర నిలబడి, "ఏం చేస్తాండావే నా ఇంట్లో?" అంటూనే లోపలికి వచ్చింది. అవ్వ ముందు తలుపు గూడా మూసింది. మిట్టమధ్యాహ్నం గది నల్లగా అయిపోయింది. నేను మూలన గోడకు ఆనుకొని నిలబడినాను. ఇద్దరిలో ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియలేదు.

"అక్కా, నీకు మూరెడు దూరంలో ఉండా. నా చేతిలో ఏముండాదో చెప్పు."

పెద్దవ్వ ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"అరటిపండు" అంది పెద్దవ్వ.

"కాదు."

"మరి నాకు కనపడాల కదా?"

"అదే నేను గూడా చెప్పేది."

పెద్దవ్వ ఊపిరి గట్టిగా వినిపించింది. "కనపడకపోతే పోనీ. పిలిచినా కదా. రామాంజీ అన్న్యా. వినపడలేదా?"

"నాదస్వరం వాడు నా చెవులోనే ఊదుతాండె."

"ఆ నాదస్వరం గూడా అతికించిందేమో."

"నువ్వు ఆడే ఉన్న్యావు కదక్కా. నువ్వే చెప్పు, ఊదినాడా లేదా?"

"ఊదినాడు" అంది పెద్దవ్వ. "ముండాకొడుకు, గట్టిగానే ఊదినాడు."

బయట కోడి శెనక్కాయల మీద పడిన చప్పుడు వినిపించింది. ఇంకోసారైతే పెద్దవ్వ పరుగెత్తేది.

"అబద్దాలకోరు అన్న్యా నిన్ను" అంది అవ్వ. గొంతు తగ్గింది. "ఆ మాట కోసెయ్యి."

"కోస్తే అతుకు కనపడతాది."

"కనపడనీ."

చీర చప్పుడైంది. చేతులు వెతుక్కున్నట్లున్నాయి, ఎవరి గాజులో గోడకు తగిలినాయి. తర్వాత పెద్దవ్వ గొంతు, నేను ఎప్పుడూ విననంత దగ్గరగా, మెత్తగా వచ్చింది.

"బూడిద."

అవ్వ పొద్దున పొట్లం కట్టుకుంటుంటే చూసినాను. గుమ్మఘట్టలో మగ్గాలు లేవు కదా ఎందుకని అడిగితే చెప్పలేదు.

"ఊ" అంది అవ్వ.

పెద్దవ్వ వేళ్ళ మధ్య దాన్ని నలిపి చూస్తున్న చప్పుడు.

"ఇదేం బూడిదే? పిడకలదేనా? కట్టెలది కలిపినట్లుండాదే."

"కలపలేదు."

"తలుపు తియ్యి. ఎలుతురులో చూస్తా."